ధర ఏ అక్షం మీద?

ఇంజనీరింగ్ పిల్లలకు మేము చెప్పే అర్థశాస్త్రం సబ్జెక్టు పేరు ఇంగ్లీషులో బారెడు ఉంటుంది. వాళ్లు దాన్ని మెఫా అని రెండక్షరాలకు కుదించేశారు. ఆ మాట అనే తీరులోనే దాని మీద వాళ్ల అభిప్రాయం తెలిసిపోతుంది. థర్మోడైనమిక్స్ అంటే సెమిస్టరంతా చదివేది, మెఫా అంటే పరీక్ష ముందు రోజు చదివేది. నేను చెప్పేది మెకానికల్ రెండో సంవత్సరానికి, అదీ భోజనం తర్వాత మొదటి పీరియడ్‌లో.

మా కాలేజీ తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో ఉంది. చేరిన రోజు హెచ్.ఓ.డి. సారు మెల్లగానే చెప్పారు. "ఈ సెమిస్టరు సూద్దామమ్మా. పిలకాయలు కంప్లయింటు తెస్తే మాత్రం క్లాసు ఇంకొకరికిచ్చి, నిన్ను ఆఫీసు పనికి ఏస్తాను. మనసులో ఏం పెట్టుకోబాకు."

నలుగురిలో మాట్లాడాలంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. ఎం.ఏ.లో సెమినార్ రోజున నిజంగానే జ్వరం తెచ్చుకున్నదాన్ని. అయినా ఆ క్లాసు పోగొట్టుకోకూడదని గట్టిగా అనుకున్నాను. బోర్డు మీద డిమాండ్ రేఖ గీసి, ఇంతమంది మనుషుల ఇష్టాయిష్టాలు ఈ ఒక్క గీతలో ఉన్నాయని చెప్పడం నాకు చాలా ఇష్టం. వినేది ముందు వరుస ఒక్కటేనన్న సంగతి, గీత వైపు తిరిగి ఉంటాను కాబట్టి నాకు తెలిసేది కాదు.

మొదటి యూనిట్ టెస్టులో ఐదు మార్కులకు ఆ రేఖే గీయమన్నాను. దిద్దుతుంటే ఒక వింత కనబడింది. సగం మంది ధరను అడ్డం అక్షం మీద, జనం కొనే సరుకు పరిమాణాన్ని నిలువు అక్షం మీద పెట్టారు. అర్థశాస్త్రం పుస్తకాల్లో ఎక్కడ చూసినా ధర నిలువుగానే ఉంటుంది. నేను బోర్డు మీద గీసిందీ అట్లాగే. వీళ్లు నా క్లాసులో నిద్రపోయారన్న ఉక్రోషంతో ఎర్ర పెన్ను పట్టి సున్నాలు వేసుకుంటూ పోయాను. మార్కులు కంప్యూటర్‌లో కూడా ఎక్కించేశాను.

శుక్రవారం పేపర్లు పంచాను. రెండో బెంచీ అమ్మాయి లేచి నిలబడింది. డిప్లొమా చేసి నేరుగా రెండో సంవత్సరంలో చేరిన పిల్ల. ల్యాబులో ఏ అనుమానం వచ్చినా అందరూ ఆమెనే అడుగుతారు.

"మేడమ్, సున్నా ఎందుకేసినారు?"

"అక్షాలు తారుమారైనాయి కదమ్మా."

"తారుమారు కాలేదు మేడమ్. ల్యాబులో మేం తిప్పేది అడ్డంగా రాస్తాం, మీటరు సూపించేది నిలువుగా రాస్తాం. డిప్లొమా నించి అదే నేర్పినారు. అంగడాయన ధర మారస్తాడు, దాన్ని బట్టి జనం కొనేది మారతాది. అట్లయితే ధర అడ్డంగానే గదా ఉండాల?"

భోజనం తర్వాతి ఆ పీరియడ్‌లో అందరూ మేలుకుని ఉండడం నేను మొదటిసారి చూశాను. ఐదేళ్లు ఈ శాస్త్రమే చదివాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

"పుస్తకంలో అట్లే ఉంది," అన్నాను.

"పుస్తకం గూడా మా మాదిరే పక్కోడిది సూసి రాసిందేమో మేడమ్," అన్నాడు ఆఖరి బెంచీ అబ్బాయి. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు.

"పోనీ హెచ్.ఓ.డి. సారును అడగచ్చా మేడమ్?"

బెదిరింపేమీ లేదు, మర్యాదగానే అడిగింది. అందుకే ఇంకా భయమేసింది. సోమవారం దాకా ఆగమన్నాను.

స్టాఫ్ రూములో పక్క సీటు సీనియర్ మేడమ్‌తో చెప్పుకున్నాను. ఆమె క్యారియర్ మూత బిగిస్తూ తేల్చేశారు. "పుస్తకంలో ఉండేదే రైటని సెప్పేసి పో పాపా. వాళ్లకి సందిస్తే నెత్తికెక్కతారు. దీనికి యాడన్నా ఇంత ఆలోచన సేస్తారా?"

శనివారం మధ్యాహ్నం లైబ్రరీలో పాత అరలు వెతికాను. పుస్తకాలు ఎత్తుకుని కిటికీ పక్కన కూర్చుంటే నాకు ఏ భయమూ ఉండదు. మూడో పుస్తకంలో జవాబు దొరికింది. ఈ రేఖను వాడుకలోకి తెచ్చిన పాతవాళ్లు ప్రశ్నను ఇంకోవైపు నుంచి అడిగారట. సరుకు ఇంత వచ్చింది, దీనికి జనం ఎంత ధర ఇస్తారు అని. అప్పుడు ముందుగా వచ్చేది సరుకు, అది అడ్డంగా. దాన్ని బట్టి మారేది ధర, అది నిలువుగా. తర్వాతివాళ్లు ప్రశ్న మార్చుకున్నారు గాని బొమ్మను అట్లాగే ఉంచేశారు. అంటే ఆఖరి బెంచీ అబ్బాయి అన్నది చాలావరకు నిజమే! ఆ రోజు డైరీలో రెండు పేజీలు నిండాయి, మాటల కంటే బొమ్మలే ఎక్కువ.

సంతోషం ఆదివారం దాకా నిలిచింది. తర్వాత అసలు సంగతి గుర్తొచ్చింది. పిల్లలది తప్పు కాకపోతే మార్కులు మార్చాలి. మార్చాలంటే దిద్దడంలో పొరపాటు జరిగిందని సారుకు కాగితం రాసివ్వాలి. నా మీద కంప్లయింటు నేనే తీసుకుపోవడమన్నమాట.

సోమవారం బోర్డు ముందు నిలబడి, ముందు ఆ మాటే చెప్పేశాను. "మీరు గీసింది తప్పు కాదు. నేను సున్నా వేయడం తప్పు." తర్వాత రెండు బొమ్మలూ పక్కపక్కన గీసి, ధర కంటే ముందు సరుకు వచ్చేసే చోటు ఎక్కడైనా ఉందా అని అడిగాను.

"మామిడికాయ మేడమ్," అన్నాడు ఆఖరి బెంచీ అబ్బాయి. ఈసారి వేళాకోళం లేదు. "మాది తోతాపురి తోట. కాయ పక్వానికొచ్చినాక సెట్టు మీద ఆగతాదా? ట్రాక్టరుకేసుకుని గుజ్జు ఫ్యాక్టరీ కాడికి పోవాల్సిందే. మా నాయన ధర పెట్టడు మేడమ్, లోడు పెడతాడు. ధర వాళ్లు పెడతారు."

"మా చిన్నాయన టీ అంగట్లో ఆయనే పెడతాడే ధర?" అంది రెండో బెంచీ అమ్మాయి.

"టీ అయితే నీళ్లు పోసుకుంటా సాయంత్రం దాకా లాగచ్చు తల్లీ. మామిడికాయికి యాడ పోస్తావు నీళ్లు?"

"మా చిన్నాయన నీళ్లు పోసేది నువ్వు సూసినావా?"

"తాగినాను గదా!"

అందరితో పాటు నేనూ నవ్వాను. ధర అడ్డంగా ఉన్న బొమ్మ కింద టీ అంగడి అని, నిలువుగా ఉన్న బొమ్మ కింద మామిడి లోడు అని రాశాను. టమాటా ఏ బొమ్మలోకి వస్తుంది, పాలు ఏ బొమ్మలోకి వస్తాయి అని బెల్లు కొట్టేదాకా వాదించుకున్నారు. ఎక్కువసేపు నేను వాళ్ల వైపే తిరిగి ఉన్నానని ఆ తర్వాత గాని గమనించలేదు.

పీరియడ్ అయిన వెంటనే, ధైర్యం ఆరిపోకముందే, కాగితం పట్టుకుని సారు గదికి వెళ్లాను. ఆయన రెండుసార్లు చదివారు.

"తప్పు జరిగిందని ఎవురన్నా సేతులారా రాసిస్తారామ్మా? ఎగ్జామ్ సెక్షనోళ్లు నన్ను గదా అడిగేది?"

అదే కాగితం వెనక పెన్సిలుతో రెండు బొమ్మలూ గీసి చూపించాను. సారు లెక్కల మాస్టారు. కళ్లద్దాలు పైకి జరిపి కాసేపు చూశారు. "నేనైనా ధర అడ్డంగానే గీసుందును," అని సంతకం పెట్టేశారు.

నేను కదల్లేదు. "మరి క్లాసు సార్?" అన్నాను.

"క్లాసుకేమొచ్చింది? పిలకాయలు తెస్తే గదా కంప్లయింటు? నువ్వు తెచ్చింది లెక్కలోకి రాదు. పోమ్మా, పోయి క్లాసు సూసుకో."

మర్నాడు పేపర్లన్నీ తెప్పించుకుని క్లాసులోనే మళ్లీ దిద్దాను. రెండో బెంచీ అమ్మాయి ఐదుకు ఐదు చూసుకుని, తిరిగి బల్ల దగ్గరకు వచ్చింది.

"మేడమ్, అక్షాల మీద కొలతలు రాయలేదు నేను. ల్యాబులో అయితే అర మార్కు పోతాది."

ఆమె చూస్తుండగానే ఐదు కొట్టేసి నాలుగున్నర వేశాను.

"ఇప్పుడు కరెక్టు మేడమ్," అని తృప్తిగా వెళ్లి కూర్చుంది.