రింగు మావయ్య

తాతల కాలం నాటి లెన్సుని పాతసామాన్ల కొట్లో ఏరుకొచ్చి, మధ్యలో ఒక రింగు బిగించి, కొత్త కెమెరాకి తగిలించడమే అతని సరదా, అతని రోగం. అందుకే ఇంట్లో పిల్లలకి అతను రింగు మావయ్య. ఊరికే కూర్చున్నా చేతికందిన సీసా మూతని అటు సగం, ఇటు పావు తిప్పుతూనే ఉంటాడు. ఆ లెన్సు పెట్టగానే కెమెరా తెరమీద ‘లెన్స్ లేదు’ అని పడుతుంది. “కెమెరాయే ఒప్పుకోనిది మమ్మల్ని ఒప్పుకోమంటావేం బామ్మర్దీ?” అని బావ ఏడిపిస్తాడు. అతను నవ్వేస్తాడు గానీ, ఆ మాట ముల్లులా దిగుతుంది.

ఆ పంతంతోనే, బడి పరుగుపందెంలో మేనకోడలు గెలిచే ఫొటో తనే తీస్తానన్నాడు. చేత్తో తిప్పుకునే లెన్సు పరిగెత్తేవాళ్ళని అందుకోలేదు కనక, ముందే ముగింపు గీత మీద ఫోకస్ పెట్టి ఊపిరి బిగబట్టాడు. అందరికంటే ముందొస్తున్న మేనకోడలు, గీత నాలుగడుగుల్లో ఉందనగా బోర్లా పడింది. చుట్టూ ఉన్న ఫోన్లన్నీ గెలిచినమ్మాయి వైపు తిరిగాయి. అతని వేళ్ళు మాత్రం వాటంతటవే లెన్సుని తిప్పి, మోచేతుల మీద లేస్తున్న పిల్ల దగ్గర ఆగాయి. ఒక్కసారే నొక్కాడు.

“గెలిస్తే తీస్తానన్నావు గానీ పడితే తీస్తానన్నావా మావయ్యా?” అంటూ పిల్ల కెమెరా లాక్కుంది. చెరిపెయ్యమన్నట్టు అతను బొత్తాం చూపించాడు. పిల్ల ఆ ఫొటోని చాలాసేపు చూసింది.

“రెప్పల మీది దుమ్ము కూడా పడింది,” అంది మెల్లగా. తర్వాత తండ్రి వైపు తిరిగింది. “నువ్వు తీసింది చూపించు నాన్నా.”

బావ ఫోనంతా వెతికాడు.

“ఇదిగోనే, ఈ మూల నీ కాలొచ్చింది.”