హర్షిణి బిగబట్టిన రోజులు

బోధన్‌లోని ఓ చిన్న ప్రైవేటు బడిలో హన్మవ్వ ఆయా. నర్సరీ పిల్లల ముక్కులు తుడవడం, టిఫిన్ డబ్బాల మూతలు తీయడం, బాత్రూంకు తీసుకెళ్లడం పదకొండేళ్లుగా ఆమె పని. ఆ ఏడు జూన్ నుంచి మాత్రం ఆమె కళ్లు ఒక్క పిల్ల మీదే ఉన్నాయి.

హర్షిణికి మూడున్నరేళ్లు. ఒంటికి వస్తే చెబుతుంది, దొడ్డికి మాత్రం చెప్పదు. గోడకు ఆనుకుని, కాళ్లు మెలివేసి, మొహం ఎర్రగా చేసుకుని నిలబడుతుంది. పరుగున వెళ్లి ఎత్తుకుంటే ఏడుపు. కమోడ్ మీద అరగంట కూర్చోబెట్టినా ఏమీ రాదు. తిరిగొచ్చిన కాసేపటికే చెడ్డీ ఖరాబవుతుంది. రోజుకు మూడు చెడ్డీలు, ఒక్కోసారి నాలుగు. పక్కన కూర్చునే పిల్లలు ముక్కు మూసుకోవడం నేర్చుకున్నారు.

ఆగస్టులో ప్రిన్సిపల్ మేడం పిలిచింది.

"వేరే పిల్లల తల్లులు ఫోన్లు చేస్తున్నరు హన్మవ్వా. దసరా దాకా చూస్త. అప్పటికీ అలవాటు కాకుంటే వచ్చే ఏడు తీస్కరమ్మని చెప్త."

ఇక హన్మవ్వకు కాలు నిలవలేదు. గంటకోసారి తీసుకెళ్లింది. బిస్కెట్ ఆశ చూపింది. ఒకరోజు విసిగిపోయి చెయ్యెత్తింది. పిల్ల భుజాలు ముడుచుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. హన్మవ్వ చెయ్యి దించేసింది కానీ ఆ ముడుచుకున్న భుజాలు ఆమెను వదల్లేదు. తన కొడుకు ప్రేమ్ చిన్నప్పుడు అచ్చం అలాగే ముడుచుకునేవాడు. చెరకు నరకడానికి పోయే తొందరలో, చెడ్డీ ఖరాబు చేశాడని వాణ్ణి ఎన్నిసార్లు కొట్టిందో లెక్కలేదు.

సాయంత్రం ఇంటికి పోగానే నిజామాబాద్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసింది.

"చిన్నప్పుడు నువ్వు చెడ్డీల ఎందుకు పోతుంటివి బిడ్డా?"

"గిప్పుడెందుకే అవ్వా?" ప్రేమ్ నవ్వాడు. "నొస్తుండె. అందుకే ఆపుకుంటుంటి."

మర్నాడు హర్షిణిని కడుగుతూ హన్మవ్వ పొట్ట తడిమి చూసింది. గట్టిగా ఉంది.

"దొడ్డికి పోతే నొస్తదా బిడ్డా?"

"నొస్తది. రక్తం వస్తది," అంది పిల్ల, ఎవరైనా వింటారేమో అన్నట్టు.

నాలుగింటికి తల్లి సుమన స్కూటీ మీద వచ్చింది. బట్టల షాపులో పని ఆమెది.

"పిల్ల కావాలని చేస్తలేదమ్మా. లోపట గట్టిపడ్డది, నొస్తదని బిగవట్టుకుంటున్నది. డాక్టర్‌కు సూపియ్యి."

సుమన మొహం మాడిపోయింది. "నువ్వు డాక్టరువా అవ్వా? ఈడ మీరే పట్టించుకుంటలేరు."

"ఇంట్ల ఎన్ని దినాలకు పోతది?"

తాళం తిప్పబోయిన సుమన చెయ్యి ఆగింది. "నాలుగు దినాలు... ఒక్కోపారి ఐదు."

అంతే, వెళ్లిపోయింది. మూడు రోజులు హర్షిణి బడికి రాలేదు. స్కూటీ చప్పుడైన ప్రతిసారీ హన్మవ్వ గేటు దాకా వెళ్లి వచ్చింది. తల్లి మనసు విరిచి బడి మాన్పించానేమోనని అన్నం సయించలేదు.

నాలుగో రోజు సుమన పిల్లతో, మందు సీసాతో దిగింది. నిజామాబాద్‌లో పిల్లల డాక్టర్ కూడా అదే మాట చెప్పాడట. లోపల గట్టిపడ్డదాని పక్కనుంచి పలచగా కారేదే రోజూ చెడ్డీలకు అంటుతోందట. మందు నెలల తరబడి వాడాలి, తిన్న తర్వాత కూర్చోబెట్టాలి, తిట్టకూడదు, కాళ్లు వేలాడకూడదు.

"నేను ఇంట్ల కొట్టిన అవ్వా," అంది సుమన తల వంచుకుని.

"నేను గూడ నా కొడుకును కొట్టిన," అంది హన్మవ్వ.

ఆ పూటే ప్రిన్సిపల్ గదికి వెళ్లింది. "దసరా అనకుండ్రి మేడం. దానికి దినాలు పడతయి. వాసన రానియ్య, నాది జిమ్మేదారి." మేడం సరే అనలేదు, కాదనీ అనలేదు.

కమోడ్ ముందు బకెట్ బోర్లించి పిల్ల కాళ్లు దాని మీద పెట్టించింది. పక్కన కూర్చుని ఊరి ముచ్చట్లు చెప్పింది. ఎన్నో రోజులు ఏమీ కాలేదు. దసరా సెలవులకు వారం ముందు హర్షిణి వచ్చి ఆమె చీర లాగింది.

"అవ్వా, వస్తున్నది."

ఆ రోజు నొప్పి లేదు. పిల్ల తానే ఆశ్చర్యపోయి కిందికి వంగి చూసుకుంది.

సెలవుల తర్వాత కూడా హర్షిణి అదే బడికి వచ్చింది. జ్వరమొచ్చిన వారంలో రెండు చెడ్డీలు మళ్లీ ఖరాబయ్యాయి. హన్మవ్వ వాటిని ఉతికి ఆరేసి, మందు ఆపారా అని సుమనను అడగడానికి నాలుగెప్పుడవుతుందా అని గేటు దగ్గరే తిరుగుతూ ఉంది.