దేవేందర్ పడడు, దిగుతాడు

ఇబ్రహీంపట్నం బస్ డిపోలో మెకానిక్ దేవేందర్ జన్మలో ఒక్కసారి కూడా సైకిల్ మీంచి పడలేదు. దిగేవాడు, అంతే. ముళ్లకంపలో దిగాడు, ఎర్రమట్టి గుంతలో దిగాడు, ఓసారి బర్రె మీద కూడా దిగాడు.

ఊరి చుట్టూ గుట్టలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. ఇళ్లు లేచేలోపే ఎక్కేయాలన్నట్టు, సెలవు రోజు తెల్లారగానే గేర్ల సైకిలేసుకుని బండల మీదికి పోయేవాడు. మోచేతులు గీరుకుని వచ్చిన తమ్ముణ్ణి చూసి అక్క నీలమ్మ ఊరుకునేది కాదు.

"మళ్ల పడ్డవారా?"

"పడలే అక్కా, దిగిన."

"మరి పాయింటెందుకు చినిగింది?"

"అది నాకంటే ముందు దిగింది."

వీధిలో ఎవరి పిల్ల సైకిల్‌తో బోర్లాపడ్డా "శబాష్, మంచిగ దిగినవ్!" అనేవాడు. ఏడవబోయిన పిల్ల నవ్వేసి మళ్లీ ఎక్కేది.

ఓ ఆదివారం దేవేందర్ ఇంటి ముందు ఆటోలోంచి దిగాడు. నిజంగానే దిగాడు. పక్కన ఎదురింటి హైమవతి. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఇల్లాలు. ఆమె చేతుల్లో దేవేందర్ హెల్మెట్, రెండు చెక్కలై.

"అక్కా, ఇయ్యాల ఏం వారం?"

"ఆదివారం."

అరుగు మీద కూర్చుని మళ్లీ అడిగాడు. నీళ్లు తాగి మళ్లీ అడిగాడు. నీలమ్మ ఆటోను పోనివ్వలేదు. అదే ఆటోలో ఇద్దరినీ ఎక్కించుకుని దవాఖానకు పరుగెత్తింది.

"పడ్డప్పుడు స్పృహ తప్పిందా?" డాక్టరు అడిగాడు.

"పడలే సార్."

"హెల్మెట్ పగిలిందిగా?"

"అది పడ్డది. నేను దిగిన."

"నవ్వులాట కాదయ్యా. మెదడు కుదుపుకు లోనైనట్టుంది. ఏం జరిగిందో తెలియకపోతే వైద్యం ఎలా చేయను?"

"చెప్పురా, నీకు దండం పెడ్త!" అంది నీలమ్మ.

దేవేందర్ హైమవతి వైపు ఓ చూపు చూసి నోరు కుట్టేసుకున్నాడు. ఆ చూపు కంటబడకపోతే ఆవిడ నీలమ్మే కాదు.

"వదినా, నీకేమన్న ఎర్కనా?"

హైమవతి హెల్మెట్ చెక్కలు బల్ల మీద పెట్టేసింది. "నా వల్లేనండీ. ఇంట్లో చెప్పకుండా, ప్లాట్ల వెంచర్‌లో మీ తమ్ముడి పాత సైకిల్ మీద నేర్చుకుంటున్నా. ఈయన గుట్ట దిగుతుంటే బ్రేకు మర్చిపోయి అడ్డం వెళ్లా. నన్ను తప్పించబోయి హద్దురాయికి తగిలి ఎగిరిపడ్డారు. కాసేపు పలకలేదు. తర్వాత వాంతి కూడా అయింది."

"చెప్పొద్దన్న గద వదినా!"

"ఎందుకు చెప్పొద్దురా?" నీలమ్మ నిలదీసింది.

"యాభై ఏండ్లకు ముచ్చటపడి నేర్చుకుంటున్నది. నేనే పడ్డనంటే వాళ్లాయన రామారావన్న ఆమెను మళ్ల ఎక్కనిస్తడా?"

స్కాన్‌లో భయపడేదేమీ లేదన్నాడు డాక్టరు. విశ్రాంతి కావాలి, ఫోనూ టీవీ వద్దు, తల మానకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రమాదం కాబట్టి తను చెప్పేదాకా సైకిల్ ముట్టొద్దు. నొప్పి పెరిగినా, మళ్లీ వాంతులైనా వెంటనే రమ్మన్నాడు.

అసలు చిక్కు పరామర్శలతో వచ్చింది. బత్తాయిలు తెచ్చిన ప్రతివాళ్లకూ కథ మొదటినుంచీ కావాలి. దేవేందర్ తల పట్టుకునేవాడు. ఊరందరి కథలూ కూపీ లాగే నీలమ్మే చివరికి గడపలో పీటేసుకుని కాపలా కూర్చుంది. "బత్తాయిలు ఈడ పెట్టి పోండ్రి. ముచ్చట్లు నాకు చెప్పుండ్రి."

నొప్పి తగ్గి దేవేందర్ వీధి చివరిదాకా నడుస్తున్న రోజుల్లో హైమవతి భర్త రామారావు పెద్ద సంచితో వచ్చాడు. నీలమ్మ పీట మీంచి కదల్లేదు.

"మెల్లగానే మాట్లాడతానండీ. మా ఆవిడ అంతా చెప్పింది."

"అన్నా, వదిననేమనకు," లోపల్నుంచి దేవేందర్ గొంతు.

రామారావు సంచిలోంచి కొత్త హెల్మెట్ తీశాడు. "ఇది నీకయ్యా." ఇంకొకటి తీశాడు. "ఇది మా ఆవిడకి." సంచి ఇంకా ఉబ్బెత్తుగానే ఉంది.

నీలమ్మ ఆగలేకపోయింది. "గా మూడోది ఎవరికన్నా?"

రామారావు వీధి అటూ ఇటూ చూసి గొంతు ఇంకా తగ్గించాడు.

"నాకేనండీ. వెనక చిన్న చక్రాలుండే సైకిల్, పెద్దవాళ్ల సైజులో దొరుకుతుందంటారా?"