రెండేళ్ల తర్వాతి సంగతి

మా మనుమరాలికి ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం వచ్చిన నాటి నుంచీ నాకు కుదురు లేదు. ఆ కాగితంలో లేని సంగతి ఒకటి మా ఇంట్లో అందరికీ తెలుసు. రెండేళ్లు పనిచేసి ఆమె మానేస్తుంది. భూమిలోని నీళ్ల మీద పెద్ద చదువు చదువుతుంది. ఆ చదువులో చేరాలంటే ముందు రెండేళ్లు ఎక్కడైనా పనిచేసి ఉండాలట. అంటే ఈ కొలువు పోతే ఆ చదువూ పోయినట్టే.

కంపెనీ హైదరాబాదులో ఉంది. వ్యాపారం ఎట్లా నడుపుకోవాలో పెద్ద పెద్ద కంపెనీలకు సలహాలు చెప్పడం వాళ్ల పని. ఇంటర్వ్యూకు ముందు రోజు ఆమె ఫోన్ చేసింది.

"తాతా, ఐదేండ్ల తర్వాత యాడుంటవని అడుగుతరట. నిజం చెప్పాల్నా?"

"చెప్పకు బిడ్డా," అన్నాను. ఆలోచించే పని పడలేదు. వయసులో ఉన్నప్పుడు అదే ప్రశ్నకు నేను నిజం చెప్పి ఉన్నాను.

నేను బడికి పోయినవాణ్ని కాదు. గొర్ల వెంట తిరుగుతూ, కిరాణం సామాను కట్టిచ్చిన పేపరు ముక్కల మీద చదువు నేర్చుకున్నాను. మహబూబ్‌నగర్‌లో ఒక పత్తి మిల్లులో రాతకోతలకు మనిషి కావాలంటే పోయాను. సేటు నా చేతిరాత చూసి మెచ్చుకున్నాడు. "ఎన్నాళ్లుంటవ్?" అన్నాడు. ప్రైవేటుగా మెట్రిక్ కట్టి పాసయ్యేదాకా ఉంటానన్నాను. "అయితే పాసయినంకనే రా," అని నా కాగితం నా చేతిలో పెట్టాడు. మా దిక్కు జీతగాణ్ని ఉగాదికి ఏడాది కోసమని మాట్లాడుకునేవారు. మీదటి ఉగాదికి ఎవరింట్లో ఉంటావని ఏ పటేలూ అడిగింది లేదు. చదువు వచ్చినవాడికే ఈ ప్రశ్న ఎందుకు? ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

పిల్ల నా మాట విన్నది. ఐదేళ్ల తర్వాత కూడా మీ దగ్గరే పెద్ద బాధ్యతల్లో ఉంటానని చెప్పి వచ్చింది. కొలువు ఇచ్చారు.

కొద్ది రోజులకు, రాసిచ్చిన ఇంటి చిరునామా నిజమేనా అని చూసిపోవడానికి కంపెనీ తరఫున ఒకతను మోటారు సైకిల్ మీద వచ్చాడు. మాది మర్రిగూడ మండలం. ఎండన పడి వచ్చాడని చెంబుతో నీళ్లిచ్చాను. చెంబు పట్టుకుని ఆగాడు.

"గీ నీళ్లు బోరువా, పెద్దాయనా?"

మా ఊరికి వచ్చిన ప్రతివాడూ ఇదే అడుగుతాడు. బోరు నీళ్లలోని ఫ్లోరైడుకు వంకరపోయిన మా కాళ్లూ గారపళ్లూ చూసి అడుగుతాడు. నల్లా నీళ్లు వచ్చి ఏళ్లయినా అడుగుతాడు. నాకు ఒళ్లు మండింది.

"నల్లా నీళ్లే, తాగు. గా బోరు నీళ్ల సంగతి తేల్చనీకె మా పిల్లనే పోతాంది. మీ కొలువు రెండేండ్లే. తర్వాత నీళ్ల మీదనే పెద్ద సదువు సదువుతది!"

అతను తాగి, "మంచిగనే ఉన్నయ్," అన్నాడు. కాగితం మీద ఏదో రాసుకుని, గుమ్మం ఫోటో తీసుకుని పోయాడు. బండి చప్పుడు దూరమయ్యాక గానీ నేనేమన్నానో నాకు తెలిసిరాలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులు నేను నిలకడగా కూర్చున్నది లేదు. రోడ్డు దాకా పోవడం, తిరిగి రావడం. కంచం ముందు కూర్చోవడం, లేవడం.

"కాళ్లకు చక్రాలు గట్టుకున్నవా?" అన్నది నా భార్య. "తిరిగితే అన్న మాట ఎనక్కి వస్తదా? పిల్లకే చెప్పెయ్యరాదూ?"

శనివారం పిల్ల ఇంటికి రాగానే చెప్పాను.

"ఆయన రాసుకున్నడా తాతా?"

"ఏదో రాసిండు. సూడలే."

చేతిలోని సంచి అరుగు మీద పెట్టింది. తర్వాత, "ఫోన్ జేసి నేనే చెప్త," అన్నది.

"పాగల్ అయినవా? అడగనిది ఎందుకు చెప్పుడు? గాళ్లు నిన్ను నెల ముంగట చెప్పి తీసేయొచ్చట. నువ్వు మాత్రం రెండేండ్ల ముంగట చెప్పాల్నా?"

"నువ్వు చెప్పినవ్ గద, అడగకుంటనే."

లోపలినుంచి నా భార్య నవ్వు వినబడింది.

"ఎప్పుడు బయటపడ్తదో అని నాకు గూడ ఫికరే తాతా," అన్నది పిల్ల. "రెండేండ్లు గిట్లనే బతకాల్నా?"

సోమవారం ఆమె వాకిట్లో నిలబడి కంపెనీకి ఫోన్ చేసి, ఇంటికి వచ్చినతనికి తాత చెప్పింది నిజమేనని, రెండేళ్లకే మానేస్తానని ఒప్పుకుంది. అవతలి మేడమ్ గొంతు నాకూ వినబడుతూనే ఉంది.

"మరి ఇంటర్వ్యూలో అలా ఎందుకు చెప్పారు?"

"భయపడి చెప్పాను మేడమ్. రెండేళ్లు మాత్రం పూర్తిగా ఉంటాను."

"మీ ఇంటికి వచ్చినతను ఇదేమీ రాయలేదే. చిరునామా సరిగ్గా ఉందనే రాశాడు. సరే, మాట్లాడి చెబుతాం."

నా నోరే ఆమెను భయపెట్టి, అతను రాయనే రాయని సంగతిని ఆమె చేతనే బయటపెట్టించింది. పిల్ల పోయి ముఖం కడుక్కుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మూడో రోజు జవాబు వచ్చింది. కొలువు ఉంది. కానీ ఆమెను ఎంచుకున్న జట్టులో కాదు. ఆ జట్టు ఎక్కువ కాలం ఉండేవాళ్లకట. ఈమెను వెనక కూర్చుని సమాచారం పోగుచేసి ఇచ్చే పనిలో వేశారు. నిజం చెప్పినందుకు ఇదా బహుమానం అని నేను అరిచాను.

"యాడ కూసున్నా రెండేండ్లు రెండేండ్లే తాతా," అన్నది పిల్ల, సంచి సర్దుకుంటూ.

ఇప్పుడు ఆమె చేరి పద్దెనిమిది నెలలు. చదువుకు దరఖాస్తు పెట్టింది. దానికి పై అధికారి ఉత్తరం కావాలి. ఆయనకు సంగతి ముందే తెలుసు కాబట్టి దాచకుండా అడగగలిగింది. ఆయన రాసిస్తానన్నాడు. ఇంకా రాయలేదు. గడువు శుక్రవారం. ఇవాళ బుధవారం. ఆయనకు యాది చేయమని చెప్పడానికి పొద్దుటి నుంచి పిల్లకు మూడుసార్లు ఫోన్ చేశాను.

"చేసిన తాతా. ఊకె అడిగితే బాగుండది."

దాచినప్పుడూ భయమే, చెప్పినాక కూడా ఒకడి తీరిక కోసం కాచుకోవడమే. నాలుగోసారి చేయబోతుంటే నా భార్య ఫోన్ గుంజుకుని లోపలికి పోయింది. చెప్పులేసుకుని రోడ్డు మీదికి వచ్చాను.