పక్కవాళ్ళ గ్లాసు

ఇటలీలో ఆ పల్లెటూరి వైను విందుకి ఒక ఆచారం ఉంది. ఎవరి గ్లాసు వాళ్ళు నింపుకోకూడదు. పొడవాటి బల్ల దగ్గర అందరూ కలిసి కూర్చుంటారు. పక్కవాళ్ళకి మనం పోయాలి, మనకి వాళ్ళు పోస్తారు. రొయ్యల వ్యాపారం ఊపు మీదున్న రోజుల్లో, ఆ పని మీద వెళ్ళిన మా బృందాన్ని అక్కడికి పిలిచారు. నా పక్కన పాలకొల్లు వైపు ఆసామి ఒకాయన కూర్చున్నారు. "తీసుకోండి, మొహమాటపడకండి" అంటూ నాకు పోశారు. నేనూ ఆయనకి పోశాను.

ద్రాక్షతోట యజమాని లేచి, తన తాతా తండ్రీ ఈ వైను చేసి బతికినవాళ్ళేనని గర్వంగా చెప్పాడు. చప్పట్లు కొట్టాం. మా ఆసామి అందరికన్నా గట్టిగా కొట్టారు. ఆ ఊపులో నేనూ అనేశాను.

"మా నాన్న కల్లు గీసేవారండి. ఆత్రేయపురం దగ్గర తాడిచెట్లన్నీ ఆయనే ఎక్కేవారు."

ఆయన నన్ను కొత్తగా చూశారు. "అలాగా. చెప్పలేదేంటి మరి" అన్నారు.

ఆ తర్వాత ఆయన కూజా ముట్టుకోలేదు. ఖాళీ గ్లాసు నా వైపు జరిపి, అవతలివాళ్ళతో కబుర్లలో పడేవారు. నేను పోస్తూ ఉన్నాను. నా గ్లాసు మాత్రం ఖాళీగానే ఉండిపోయింది.

ఎదురుగా కూర్చున్న ముసలావిడ ముచ్చటపడి, మీరిద్దరూ పాత స్నేహితులా అని ఇంగ్లీషులో అడిగింది. మావాళ్ళు వీళ్ళకి తరతరాలుగా పోస్తూనే ఉన్నారని చెప్పాను.

ఎంత మంచి ఆచారం అంటూ ఆవిడ చప్పట్లు కొట్టింది.