పేరు పెట్టి పిలవమన్న మనిషి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున బాబాయ్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "చెప్పండి బాబాయ్, దగ్గు తగ్గిందా?" అన్నాను ఎత్తగానే. అవతల ఉన్నది ఆయన కాదు, పిన్ని.

"మీ బాబాయ్ పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ ఇద్దామని లేపితే లేవలే."

ఏం మాట్లాడానో గుర్తు లేదు. బోరబండ వెళ్లేసరికి ఇంటి ముందు షామియానా వేస్తున్నారు. పది కుర్చీల్లో నలుగురైదుగురు ఖాకీ బట్టల వాళ్లు, మిగతా వాళ్లు బస్తీ జనం. జాంబీల కంప్యూటర్ ఆట తయారుచేసే కంపెనీ నుంచి వచ్చామని నేను గానీ, నాతో వచ్చిన సాదిక్ గానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయనకీ మాకూ సంబంధమేమిటో వివరించాల్సి వచ్చేది. ఆ వేళప్పుడు అది కుదరలేదు. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

బాబాయ్ నాకు చుట్టం కాదు. మైత్రీవనం వెనక సందులో మా ఆఫీసున్న బిల్డింగుకి పగటిపూట సెక్యూరిటీ. అంతకుముందు ట్రాఫిక్ కానిస్టేబుల్. ఉద్యోగంలో ఎక్కువ ఏళ్లు పంజాగుట్ట చౌరస్తాలోనే గడిచాయి. మాది తణుకు. కోచింగ్ కోసం అమీర్‌పేట వచ్చి ఇక్కడే ఉండిపోయిన వేలమందిలో నేనొకదాన్ని. మొదటి రోజు గేటు దగ్గర ఆయన్ని చూడగానే 'బాబాయ్ గారూ' అని నోటికొచ్చింది. సాదిక్ 'చాచా' అనేవాడు. ఆయన రెండింటికీ పలికేవారు.

మేం మొత్తం నలుగురం. మూడో అంతస్తులో రెండు గదులు. నేను ఆట ఎలా సాగాలో ఆలోచించేదాన్ని, సాదిక్ ప్రోగ్రామింగ్ చేసేవాడు, మిగతా ఇద్దరూ బొమ్మలూ శబ్దాలూ. ఆట సంగతి క్లుప్తంగా ఇదీ: ఒక నగరం నిండా జాంబీలు, అంటే చచ్చి లేచి మనుషుల్ని కరిచే శవాలు. ఎక్కడెక్కడి వాళ్లో నలుగురు ఇంటర్నెట్‌లో కలిసి ఒక జట్టు అవుతారు. తిండీ మందులూ వెతికి సంచుల్లో నింపుకొని, ఆ నగరంలో పొద్దు వాలేలోపు భద్రమైన ఇంటికి చేరాలి. చప్పుడైతే జాంబీలు వస్తాయి. కరిస్తే పడిపోతారు. పడ్డవాళ్లని ఒక నిమిషంలోపు ఎవరైనా లేపితే బతుకుతారు, లేకపోతే ఆట అయిపోయినట్టే.

ఒక మధ్యాహ్నం జాంబీల అరుపులు సరిచూస్తున్నాం. తలుపు దబాలున తెరుచుకుంది. చేతిలో లాఠీతో బాబాయ్.

"ఎవర్ని కొడుతుండ్రు ఈడ?"

సాదిక్ కంప్యూటరు చూపించాడు. లాఠీ గోడకి ఆనించి, కళ్లజోడు తుడుచుకుని, తెర దగ్గరకి వచ్చి నిలబడ్డారు. రోడ్డు మీద యాభై జాంబీలు ఆటగాడి వైపు వస్తున్నాయి. కాసేపు చూసి తల అడ్డంగా ఊపారు.

"గిట్ల నడుస్తరా జనం?"

"అవి జనం కాదు బాబాయ్ గారూ, జాంబీలు," అన్నాను.

"ఏదైతేంది, గుంపే గదా. గుంపు గిట్ల సక్కగ రాదు బిడ్డా. ముందటోడు ఆగితే ఎనకోడు ఆగడు, పక్కకి జరుగుతడు. ఆడ సందు దొరికితే అందరు ఆడికే వస్తరు. మీ దయ్యాలు పరేడ్ చేస్తున్నయ్."

మాకు రోషం వచ్చింది. మర్నాడు ఆయన భోజనాల వేళ మమ్మల్ని పంజాగుట్ట తీసుకెళ్లారు. మెట్రో స్తంభం నీడలో నిలబెట్టి, "ఇప్పుడు ఒక బండోడు గట్టిగ హారన్ కొడతడు, జనాన్ని చూడుండ్రి," అన్నారు. హారన్ మోగింది. "ముందు మెడ తిరిగింది, చూసినవా? కాళ్లు తర్వాత తిరుగుతయ్. ఆ మధ్యల జర టైముంటది. నేను ముప్పై ఏండ్లు గా టైముల్నే పనిచేసిన."

ఆ ఒక్క మాటతో మా ఆట మారిపోయింది. జాంబీలకి ముందు మెడ తిరగడం పెట్టాం. మెడ తిరిగాక కాళ్లు కదిలేలోపు ఆటగాడికి ఒక క్షణం దొరుకుతుంది. ఆ క్షణంలో స్నేహితుణ్ణి హెచ్చరించవచ్చు, గోడ చాటుకి పోవచ్చు. ఆడినవాళ్లంతా మొట్టమొదట మెచ్చుకునేది అదే.

ఆ తర్వాత భోజనాల వేళ అరగంట ఆయన మా గదిలోనే. గేటు దగ్గర ఇంకో మనిషిని కూర్చోబెట్టి పైకి వచ్చేవారు. తలుపుకి వీపు పెట్టి కూర్చునేవారు కాదు. బిస్కెట్టు సగానికి విరిచి, పెద్ద ముక్క ఎదుటివాళ్లకి ఇచ్చేవారు. లిఫ్టు తలుపు తెరుచుకుంటే ముందు లోపలివాళ్లు బయటికి వచ్చేలా, తనకి తెలియకుండానే ఎడమ చెయ్యి లేచేది. మాతో కలిసి ఆడాలని కీబోర్డు నేర్చుకోవడానికి నెల పట్టింది. ఆటలో తుపాకీ దొరికినా తీసుకునేవారు కాదు. "చప్పుడైతది, ఇంకో నూరు మంది వస్తరు," అనేవారు. ఖాళీ డబ్బా ఒకటి పట్టుకుని డివైడర్ ఎక్కి మోగించేవారు. జాంబీలన్నీ అటు తిరిగేవి. "మీరు దాటుండ్రి, నేను ఆపుత!" అని కేకేసేవారు. మేం దాటేవాళ్లం. ఆయన చాలాసార్లు అక్కడే పడిపోయేవారు. మేం వెనక్కి వెళ్లి లేపేవాళ్లం.

కానీ బయటివాళ్లు అలా ఆడలేదు.

చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల పిల్లల్ని క్లాసులయ్యాక పిలిచి ఆట ఆడించి చూసేవాళ్లం. ఒకరు పడితే అందరి తెరల మీదా ఎర్రటి గుర్తు వెలిగేది. ఒక్కరు కూడా వెనక్కి వెళ్లేవారు కాదు. పైగా పడ్డవాడి సంచి తీసుకునే సదుపాయం నేను పెట్టాను. ఉత్కంఠ ఉంటుందని నా వాదన. పిల్లలు పగలబడి నవ్వుతూ స్నేహితుల సంచులు లాక్కుని పారిపోయేవారు. ఒకసారి ఆడినవాళ్లు రెండోసారి వచ్చేవారు కాదు. ఇలాగే ఉంటే ఆట ఆపేసి తలా ఒక ఉద్యోగం చూసుకుందామని మేం నలుగురం అనుకున్నాం కూడా.

అలాంటి ఒక రోజు బాబాయ్ వెనక నిలబడి చూస్తున్నారు. పడిపోయిన కుర్రాడి సంచి లాక్కుని మిగతా ముగ్గురూ పరిగెత్తారు.

"ఇది నువ్వు పెట్టినవా బిడ్డా?" అన్నారు.

"ఆటే కదా బాబాయ్. పిల్లలకి సరదా."

ఆయన లాఠీ తీసుకుని కిందికి వెళ్లిపోయారు. తర్వాత రెండు వారాలు పైకి రాలేదు. గేటు దగ్గర నమస్కారం పెడితే తల ఊపేవారు, అంతే. ఆ మౌనం భరించలేక ఒక సాయంత్రం రెండు చాయ్‌లు పట్టుకుని ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాను. సగం చాయ్ తాగాక చెప్పారు.

"నేను కొత్తల పంజాగుట్టల డ్యూటీ చేస్తున్న. నా కండ్ల ముందట ఒకాయన స్కూటర్ మీదికెల్లి పడ్డడు. నూరు మంది ఉన్నరు ఆడ. ఎవరో ఒకరు లేపుతరులే అనుకున్న. నేను సిగ్నల్ ఇడిసి పోలే. ఆడికెల్లే 'లేపుండ్రి, లేపుండ్రి' అని ఒర్రిన. ఎవ్వరు కదల్లే బిడ్డా. ఎంతసేపో. తర్వాత నాకే ఏమనిపించిందో, ఒకామెకి చెయ్యి చూపించిన. పచ్చ చీర కట్టుకుంది. 'అమ్మా, మిమ్మల్నే. పోయి ఆయన తల పట్టుకోండి' అన్న. ఆమె ఉరికొచ్చింది! చేతిల కూరగాయల సంచి ఆడనే పడేసి వచ్చింది. 'ఆటో అన్నా, నిన్నే' అన్న. వాడు సుత వచ్చిండు."

"బతికాడా బాబాయ్?"

"బతికిండు. కాలు పోయింది. జర ముందుగాల తెస్తే కాలు దక్కేదన్నడు డాక్టరు." చాయ్ గ్లాసు పక్కన పెట్టారు. "ఆ జనం చెడ్డోళ్లు కారు బిడ్డా. ఎవర్ని పిలుస్తుండ్రో వాళ్లకి తెల్వలే. గుంపుకి చెప్తే ఎవరికీ చెప్పనట్టే. నీ ఆటల పిల్లలు సుత చెడ్డోళ్లు కారు. నువ్వు అందరికీ ఎర్రలైటు చూపిస్తున్నవ్. ఒక్కనికి చూపించు."

అన్నేళ్లుగా ఆయన లోపల మోస్తున్నదాన్ని నేను సరదా అన్నాను.

మర్నాడే పని మొదలుపెట్టాం. అందరికీ వెలిగే ఎర్ర గుర్తు తీసేశాం. పడ్డ ఆటగాడు జట్టులో ఒక్కరి పేరు ఎంచుకోవాలి. ఆ ఒక్కరి చెవిలోనే, వాళ్ల పేరుతోనే పిలుపు వినిపిస్తుంది.

"ఆ ఒక్కరూ దూరంగా ఉంటే?" అని నాకు అనుమానం.

"ఉంటే వాడు దగ్గర ఉన్నోన్ని పేరు పెట్టి పిలుస్తడు," అన్నారు బాబాయ్. ఆయన మళ్లీ పైకి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. పిలుపు అందుకున్నవాడు దాన్ని ఇంకొకరికి అప్పగించే ఏర్పాటు అలా వచ్చింది.

"సంచి సంగతి ఏం చేద్దాం చాచా?" అని సాదిక్ అడిగాడు.

"ఉండనియ్యి. ముందు మనిషిని లేపాలె. లేచినంక ఆయన ఇస్తే తీసుకోవాలె."

మళ్లీ పిల్లల్ని పిలిచాం. వచ్చిన నలుగురిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తున్న ఒకమ్మాయి ఉంది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది. వెనకటిసారి సంచి లాక్కుని అందరికంటే ముందు పారిపోయింది ఆ అమ్మాయే. ఈసారి సంచి నిండా మందులతో భద్రమైన ఇంటి గుమ్మం దాకా వచ్చేసింది. ఇంకో నాలుగడుగులు వేస్తే గెలిచినట్టే. అప్పుడు ఆమె హెడ్‌ఫోన్లో తన పేరు వినిపించింది.

మౌస్ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. "అబ్బా, నన్నే పిలుస్తుండు," అంది పైకే. సంచి బరువుకి పరిగెత్తడం కుదరదు. సంచి గుమ్మం ముందు పడేసి వెనక్కి ఉరికింది.

ఆ ఆట వాళ్లు ఓడిపోయారు. ఆ అమ్మాయీ, ఆమెని పిలిచినవాడూ ఇద్దరూ సందులో చిక్కుకున్నారు. కానీ నలుగురూ కుర్చీల్లోంచి లేచి ఒకటే అరుపులు. "ఇంకోసారి అన్నా, ఇంకొక్కసారి!" అని సాదిక్ ప్రాణం తీశారు. మర్నాడు పిలవకుండానే వచ్చారు, ఇంకో ఆరుగురిని వెంటబెట్టుకుని. ఆట ఆపేద్దామన్న మాట మళ్లీ మాలో ఎవరూ ఎత్తలేదు. ఆరు నెలలకి విడుదల చేశాం. ఇప్పుడు మేం ఎన్నడూ చూడని ఊళ్లవాళ్లు అందులో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటున్నారు.

బాబాయ్ పేరు ఆటలో వేస్తామంటే ఒప్పుకోలేదు. "నా పేరెందుకు? ఆడేటోళ్ల పేర్లు మంచిగ వినపడుతున్నయా లేదా చూడుండ్రి," అన్నారు.

చౌరస్తాలో పీల్చిన ఎన్నో ఏళ్ల బండ్ల పొగ ఆ ఊపిరితిత్తుల్లో ఉంది. ఈ వానాకాలం నుంచి మెట్లు ఎక్కలేకపోయారు. తర్వాత గేటుకి రావడం కూడా మానేశారు. చివరిసారి బోరబండలో చూసినప్పుడు మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నారు. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. నేను ఆయనకి ఒక సంగతి చెప్పాలని వెళ్లాను. మహబూబ్‌నగర్ అమ్మాయి అమీర్‌పేట బస్టాపులో నిలబడి ఉండగా ఒక పెద్దావిడ కళ్లు తిరిగి పడిపోయిందట. చుట్టూ జనం చూస్తున్నారట. ఈ అమ్మాయి ముందు ఒకాయనకి చెయ్యి చూపించి పిలిచిందట.

బాబాయ్ కళ్లు తెరిచి పూర్తిగా నా వైపు తిరిగారు.

"ఎవర్ని పిలిచింది?"

"నీలం చొక్కా ఆయన్ని."

"వచ్చిండా?"

"వచ్చాడట బాబాయ్. వెంటనే వచ్చాడట. నీళ్లు తాగించి, ఆటో ఎక్కించి, ఇంటిదాకా దింపి వచ్చారట."

దుప్పటి అంచు సవరించుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "గంతే బిడ్డా. గంతే కావాలె," అన్నారు. నేను వచ్చేటప్పుడు పిన్ని గుమ్మం దాకా వచ్చింది. ఆ పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నారని మర్నాడు ఫోన్ చేసి చెప్పింది.

మొన్న మంగళవారం పిన్ని మా ఆఫీసుకి వచ్చింది. మాసబ్ ట్యాంక్‌లో ఏవో కాగితాల పని చూసుకుని, తిరిగి వెళ్తూ అమీర్‌పేటలో మెట్రో దిగిందట. "మీ బాబాయ్ అన్నం తిననీకి పోయి ఈడ ఏం చేస్తుండెనో చూద్దామని వచ్చిన," అంది, కొంచెం మొహమాటంగా.

సాదిక్ కుర్చీ లాగాడు. ఆటలో ఆమె బదులు నడిచే బొమ్మకి ఒక చీర రంగు ఎంచుకోమంటే వంకాయ రంగు ఎంచుకుంది. ఏ మీట నొక్కితే ముందుకు పోతుందో, ఏది నొక్కితే తిరుగుతుందో చూపించాను. పిన్ని ఒక్క వేలితో, పప్పులో రాళ్లు ఏరుతున్నంత జాగ్రత్తగా మీటలు నొక్కింది. జాంబీలు లేని వీధి చూసి ఆమెని వదిలాను. సరుకులేమీ వెతకలేదు. ఎవరి ఇల్లో చూడాలన్నట్టు కిటికీల ముందు ఆగి ఆగి నడిచింది.

జట్టులో మిగతా ముగ్గురూ ఎవరో మాకు తెలియదు. ఇద్దరు ముందుకు వెళ్లిపోయారు. మూడో మనిషి ఒక పాత మేడ మెట్లు ఎక్కుతున్నాడు. పిన్ని అతని వెనక మెట్లు ఎక్కబోయి గోడకి తగిలింది, మళ్లీ తిరిగి ఎక్కింది, మళ్లీ తగిలింది.

పైమెట్టు మీద ఆ మనిషి ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు. రెండు మెట్లు కిందికి దిగి నిలబడ్డాడు.

"పిలవకుండనే ఆగిండు," అంది పిన్ని.

ఆమె ఒక మెట్టు ఎక్కింది. అతను ఒక మెట్టు ఎక్కి ఆగాడు. ఆమె ఇంకొకటి ఎక్కింది. అలా ఇద్దరూ మేడ మీదికి చేరేసరికి అక్కడ డాబా అంతా ఎండ పరుచుకుని ఉంది.