చీకటి గదిలో పోల్చుకున్న చప్పుడు

నా చిన్నప్పుడు మా లాలాగూడ రైల్వే క్వార్టర్లలో కంప్యూటర్‌ను కళ్ళతో చూసిన మనిషి మా చిన్నత్త ఒక్కతే. సికింద్రాబాద్‌లో ఆమె పనిచేసే ఆఫీసులో ఒక గది నిండా ఆ యంత్రం ఉండేది.

నేనేమో ఎక్కాలు అప్పజెప్పలేక బడిలో రోజూ బెంచీ ఎక్కి నిలబడే పిల్లను. మొద్దు అని పేరు పడిపోయింది. నేను దిగులు పడుతున్నానని ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త నన్ను ఆ యంత్రం చూపిస్తానని తీసుకెళ్ళింది. డ్యూటీ దిగాక మా నాయన వచ్చి మమ్మల్ని ఇంటికి తీసుకురావాలని అనుకున్నారు.

కిటికీలు లేని గది. బీరువాల్లాంటి పెట్టెలు, ఎడతెగని హోరు, ఒళ్ళు వణికించే చల్లదనం. అత్త మీటలు నొక్కి నేనడిగిన పెద్ద పెద్ద గుణకారాలన్నీ చేయించింది. నేను ఊపిరి తీసుకునేలోగా జవాబు కాగితం మీద అచ్చయి వచ్చేది. నాకు సంతోషం కలగలేదు. ఇలాంటిది లోకంలో ఉన్నాక నా తల ఎందుకు పనికొస్తుందనిపించింది.

అంతలో కరెంటు పోయింది. హోరు ఆగిపోయింది. నా చెయ్యి నాకే కనిపించనంత చీకటి. అత్త తడుముకుంటూ వెళ్ళి తలుపు లాగితే లోపలి పిడి ఊడి చేతిలోకి వచ్చింది. తలుపు బాదింది, కేకలు వేసింది. సెలవు రోజు, పలికే దిక్కు లేదు. కాపలా మనిషి భోజనానికి వెళ్ళాడు. చల్లదనం పోయి ఉక్క మొదలైంది. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు, ఉన్న గాలంతా నేనే పీల్చేస్తున్నట్టు అనిపించి ఊపిరి బిగపట్టుకున్నాను. ఏడవాలన్నా భయమే. ధైర్యం చెబుతున్న అత్త అరచెయ్యి కూడా చెమటతో జారిపోతోంది.

ఎంతసేపైందో తెలియదు. ఎక్కడో మెట్ల మీద అడుగుల చప్పుడు. పైకి వచ్చి, ఆగి, మళ్ళీ దిగడం మొదలైంది.

"నాయన," అన్నాను.

తనకేమీ వినబడలేదంది అత్త. నేను తలుపుకు నోరు ఆనించి గొంతు చించుకుని పిలిచాను. దిగుతున్న అడుగులు ఆగాయి. తర్వాత పరుగున వచ్చాయి. బయటినుంచి తలుపు తెరిచింది నాయనే. అంతా చీకటిగా ఉంటే మేము వెళ్ళిపోయామనుకుని తిరిగి పోతున్నాడట.

వరండాలో కూర్చుని గాలి పీల్చుకున్నాక, ఎలా పోల్చావని అత్త అడిగింది. అందరూ మెట్లు దిగుతారు, నాయన దిగడం వేరు, అంతే అన్నాను.

అత్త నా తల మీద చెయ్యి వేసింది. "లెక్కల్ల ఆ మిషన్‌ను నేను సుత ఓడగొట్టలేను బిడ్డా. గని చెప్పుల సప్పుడు విని మనిషిని పట్టుడు దానికి రాదు. దానికి గంత పెద్ద అర్ర, గంత కరెంటు గావాలె. నువ్వు పొద్దున తిన్న రెండు ఇడ్లీలతోని పట్టినవ్."

మర్నాడు బడిలో మళ్ళీ బెంచీ ఎక్కాను. పదమూడో ఎక్కం ఆ రోజూ రాలేదు. కానీ తల వంచుకోలేదు.

ఇప్పుడు చేతిలో ఇమిడే ఫోనే నా గొంతును గుర్తుపడుతోంది. అత్త ఉండి ఉంటే తన మాట కాస్త సవరించుకునేదేమో. అయినా ఆ రోజు నాకు దక్కింది యంత్రం మీద గెలుపు కాదు, నా తలలో నాకు తెలియకుండానే ఎంతో పని జరుగుతోందన్న నమ్మకం. ఈ వయసులో మాట అందక, నా తలలో నేనే చిక్కుకుపోయినట్టుండే పూటలు వస్తున్నాయి. కంగారుపడకుండా కాసేపు ఊరుకుంటాను. చాలాసార్లు కావలసిన పేరు దానంతటదే వచ్చేస్తుంది. రాని రోజున, పేరు తెలియకపోయినా ఎదురుగా ఉన్నది నా మనిషేనని తెలుస్తూనే ఉంటుంది. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంటాను.